మన సమాచారం కూడా అమానతే

ఏటా ఈ సంచికలో విద్యార్థి వేతనాలు, వైద్య సహాయం, జకాత్ పంపిణీ గురించి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి ఫోన్ల గురించి, వాటిలోంచి బయటికి పోతున్న సమాచారం గురించి రాయడమేమిటని కొందరు దాతలకు అనిపించవచ్చు. కారణం ఉంది. సహాయం కోరి వచ్చే ప్రతి కుటుంబం తన ఇంటి గుట్టు కొంత మన బల్ల మీద పెట్టి వెళుతుంది. ఆధార్ కాపీ, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆసుపత్రి కాగితాలు, పిల్లల మార్కుల జాబితా మనకిస్తుంది. విరాళమిచ్చే మీరు కూడా రశీదు కోసం పాన్ నంబరు, ఫోన్ నంబరు ఇస్తారు. ఈ కాగితాల్లో చాలా భాగం ఇప్పుడు ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోలుగానే చేతులు మారుతున్నాయి.

ఫోన్‌లోకి చేరిన సమాచారం ఎక్కడికి వెళుతుందో, ఎవరి చేతిలో పడుతుందో తెలియకుండా ఈ అమానత్‌ను కాపాడడం సాధ్యం కాదు. అందుకే ముందు ఒక నమాజు యాప్ సంగతి చెబుతాము. దాని వెనుక వ్యాపారం ఎలా నడుస్తుందో వివరిస్తాము. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగినవి కొన్ని చూసి, చివరగా మన సంస్థ, మన దాతలు ఏం చేయవచ్చో ప్రతిపాదిస్తాము.

నమాజు వేళలు చెప్పే యాప్

మనలో చాలామంది ఫోన్లలో నమాజు వేళలు చెప్పి, అజాన్ వినిపించి, ఖిబ్లా దిశ చూపించే యాప్ ఒకటి ఉంటుంది. వాటిలో పేరున్నది ముస్లిం ప్రో. సింగపూర్‌కు చెందిన బిట్స్‌మీడియా అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. 2020 నవంబరులో అమెరికాలోని మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ ఈ యాప్‌పై ఒక పరిశోధన కథనం ప్రచురించింది. అప్పటికే దానికి ప్రపంచమంతటా 9.8 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్నాయని ఆ కథనం పేర్కొంది.

కథనం సారాంశం ఇది. యాప్ తన వినియోగదారులు ఎక్కడెక్కడ ఉన్నారో తెలిపే సమాచారాన్ని ఎక్స్-మోడ్ అనే కంపెనీకి పంపుతోంది. ఎక్స్-మోడ్ దాన్ని ఇతరులకు అమ్ముతోంది. కొనేవారిలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఇదిగాక బేబెల్ స్ట్రీట్ అనే మరో కంపెనీ దగ్గర లొకేట్ ఎక్స్ అనే ఉపకరణాన్ని అమెరికా ప్రత్యేక సైనిక దళాల కమాండ్ కొనుగోలు చేసిందని కూడా అదే కథనం బయటపెట్టింది. ఫోన్లు తిరిగిన చోట్లను పటం మీద చూపించే ఉపకరణం అది.

ముస్లిం ప్రో వారు సైన్యానికి తాము నేరుగా ఏమీ అమ్మలేదని చెప్పారు. ఎక్స్-మోడ్‌తో సహా సమాచారం పంచుకునే భాగస్వాములందరితో సంబంధాలు తెంచుకుంటున్నామని ప్రకటించారు. డిసెంబరులో ఆపిల్, గూగుల్ రెండూ తమ స్టోర్లలోని యాప్‌లన్నిటి నుంచి ఎక్స్-మోడ్ ప్రోగ్రాంను తీసేయాలని ఆదేశించాయి. 2021 జనవరిలో సలాత్ ఫస్ట్ అనే మరో నమాజు యాప్ మీద కూడా ఇలాంటి కథనమే వచ్చింది. అందులో సమాచారం కొన్నది ప్రెడీసియో అనే ఫ్రెంచి కంపెనీ.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎవరూ దొంగతనంగా ఫోన్లలోకి చొరబడలేదు. తాళం పగలలేదు. వినియోగదారుడు "అనుమతించు" అనే బొత్తాం నొక్కాడు. ఖిబ్లా కోసం నొక్కాడు, నమాజు వేళ కోసం నొక్కాడు. అలా ఇచ్చిన సమాచారం సంతలో సరుకుగా మారి, కొన్నవారి చేతికి చేరింది.

సంత ఎలా నడుస్తుంది?

ఉచితంగా దొరికే యాప్‌ను తయారుచేసేవారికి ఆదాయం ఎక్కడి నుంచో రావాలి. ప్రకటనలు ఒక మార్గం. సమాచారం అమ్మడం మరో మార్గం. ఎక్స్-మోడ్ వంటి కంపెనీలు ఒక చిన్న ప్రోగ్రాం ముక్కను రాసి యాప్ తయారీదారుల చేతికిస్తాయి. దాన్ని ఎస్‌డీకే అంటారు. తయారీదారు దాన్ని తన యాప్‌లో కలుపుతాడు. యాప్‌కు లొకేషన్ అనుమతి ఇచ్చామంటే దానిలో దాగి ఉన్న ఆ ముక్కకూ ఇచ్చినట్టే. అమెరికాలో రోజూ 50,000 మంది వాడే యాప్ ఉంటే నెలకు 1,500 డాలర్లు చెల్లిస్తామని ఎక్స్-మోడ్ తన వెబ్‌సైట్‌లోనే చెప్పుకుంది. బేరం అంత బాహాటంగా సాగింది.

ప్రతి ఫోన్‌కూ ప్రకటనల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి వరుస అది. ఏ యాప్ తెరిచినా ఆ సంఖ్య మారదు. కాబట్టి ఒక యాప్ నుంచి వచ్చిన లొకేషన్‌ను, ఇంకో యాప్ నుంచి వచ్చిన ఇష్టాయిష్టాలను దాని ద్వారా ఒకేచోట గుదిగుచ్చవచ్చు. ఇలా గుదిగుచ్చి అమ్మేవారినే డేటా బ్రోకర్లు అంటున్నారు. మన మార్కెట్ యార్డుల్లో రైతుకూ వర్తకుడికీ మధ్య దళారీ ఉన్నట్టే వీరూ మధ్యవర్తులు. అయితే యార్డులో తన సరుకు అమ్ముడవుతోందని రైతుకు తెలుస్తుంది, ఇక్కడ మనకు తెలియదు. అంతే తేడా.

ఇంకో ప్రశ్న వేసుకుందాం. నమాజు వేళ చెప్పడానికి మనం ఉన్న వీధి, ఇల్లు యాప్‌కు తెలియాలా? పిల్లలకు తరగతిలో చెప్పే లెక్కే ఇది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మన ప్రాంతంలో తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ అంటే సుమారు 106 కిలోమీటర్లు. అంటే దాదాపు 26 కిలోమీటర్లు నడిస్తే గాని నమాజు వేళలో ఒక్క నిమిషం తేడా రాదు. ఖిబ్లా సంగతీ అంతే. హైదరాబాదు నుంచి మక్కా సుమారు నాలుగు వేల కిలోమీటర్ల దూరం. నగరంలో ఒక పేట నుంచి మరో పేటకు మారితే దిశలో వచ్చే తేడా ఒక డిగ్రీలో చిన్న భాగం మాత్రమే. ఊరి పేరు చెబితే ఈ రెండు పనులూ జరుగుతాయి. గుమ్మం దాకా తెలియాలని అడగడం పనికి మించిన అడుగుడు. ఈ సంగతి చివరి దాకా గుర్తుంచుకోవాలని పాఠకులకు మనవి.

"పేరు లేదు కదా" అన్న మాట

డేటా బ్రోకర్లు తరచుగా చెప్పే సమాధానం ఒకటుంది. "మా దగ్గర పేర్లు లేవు, ఉన్నవి సంఖ్యలే" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక ఫోన్ రోజూ రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు ఒకే ఇంట్లో ఉంటుంది. ఫజ్ర్‌కు ఒకే మస్జిద్‌కు వెళుతుంది. తొమ్మిదింటికి ఒకే కార్యాలయానికి చేరుతుంది. ఆ ఫోన్ ఎవరిదో ఆ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇది ఊహ కాదు. పదిహేను లక్షల మంది మొబైల్ వాడకందారుల పదిహేను నెలల సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. ఒక మనిషి ఏ వేళలో ఎక్కడ ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి తొంభై ఐదు మందిని మిగిలిన గుంపు నుంచి వేరుచేయవచ్చని అందులో తేలింది. 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు 1.2 కోట్ల అమెరికన్ ఫోన్ల లొకేషన్ ఫైలు ఒకటి చేరింది. పేర్లు లేని ఆ ఫైలు నుంచే విలేకరులు కొందరు ప్రముఖుల ఇళ్లను, రాకపోకలను పసిగట్టగలిగారు.

ప్రభుత్వం కొనడం ఎందుకు?

ప్రభుత్వాలకు నేరాలు అరికట్టాల్సిన బాధ్యత ఉంది. అనుమానితుడి మీద నిఘా పెట్టవలసిన సందర్భాలు ఉంటాయి. దానికి ఒక పద్ధతి ఉండాలన్నదే చట్టం ఉద్దేశం. అమెరికాలో 2018లో కార్పెంటర్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు, ఒక మనిషి ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందో తెలిపే రికార్డులను టెలిఫోన్ కంపెనీ నుంచి పోలీసులు తీసుకోవాలంటే సాధారణంగా న్యాయమూర్తి నుంచి వారెంటు తెచ్చుకోవాలని తీర్పు చెప్పింది.

అయితే అదే సమాచారం సంతలో దొరికితే? అమెరికా రక్షణ శాఖలోని ఒక గూఢచార సంస్థ 2021 జనవరిలో సెనేటర్ రాన్ వైడెన్‌కు రాతపూర్వకంగా ఇచ్చిన వివరణ ఈ విషయంలో ముఖ్యమైనది. తాము బ్రోకర్ల దగ్గర లొకేషన్ సమాచారం కొంటున్నామని, కొన్నదానికి కార్పెంటర్ తీర్పు ప్రకారం వారెంటు అవసరం లేదని తాము భావిస్తున్నామని ఆ సంస్థ తెలిపింది. తలుపు కొట్టి అనుమతి అడగాల్సిన చోట సంతకు వెళ్లి తాళంచెవి కొనుక్కున్నట్టయింది.

2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్ మీద చర్య తీసుకుంది. అప్పటికి ఆ కంపెనీ అవుట్‌లాజిక్ అని పేరు మార్చుకుంది. ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు, గృహహింస బాధితులకు ఆశ్రయమిచ్చే ఇళ్ల వంటి చోట్లకు ఎవరు వెళ్లారో తెలిపే సమాచారం అమ్మకూడదని నిషేధించింది. చర్య మంచిదే. కానీ మొదటి కథనం వచ్చి మూడేళ్లు దాటాక వచ్చింది. ఈలోగా అమ్ముడైన సమాచారాన్ని వెనక్కి రప్పించే మార్గం ఎవరి దగ్గరా లేదు. అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉంటున్న మన పిల్లల ఫోన్లలోనూ ఇలాంటి యాప్‌లే ఉంటాయి కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

మన రాష్ట్రాల్లో

మన దగ్గర సమాచారం చేతులు మారే తీరు వేరు. ఇక్కడ సంతకంటే ముందు సర్కారు దరఖాస్తు వస్తుంది. పేదవాడు ఇల్లు అడిగినా, బియ్యం అడిగినా, పింఛను అడిగినా ముందు తన వివరాలన్నీ రాసివ్వాలి.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని ఒక పరిశోధకుడు బయటపెట్టారు. బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, కులం, మతం కూడా వాటి పక్కనే ఉన్నాయి. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి లబ్ధిదారుల ఇళ్లు ఎక్కడున్నాయో వెతికే వీలు కూడా ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. విషయం బయటపడ్డాక ఆ వివరాలను కప్పేశారు. ఇల్లు మంజూరు చేయడానికి తీసుకున్న వివరాలతో ఒక ఊళ్లో ఒక మతం వారి గడపలు ఏవేవో తెలిసిపోయే స్థితి వచ్చింది. ఆ జాబితా తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో వివరించి చెప్పనక్కరలేదు.

తెలంగాణలో రేషన్ కార్డుల సంగతి ఇంకో పాఠం. 2014 నుంచి 2019 మధ్య 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయని, 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయని, వీరెవరికీ నోటీసు ఇవ్వలేదని 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనం తెలిపింది. సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ వేర్వేరు ప్రభుత్వ శాఖల జాబితాలను కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది అని లెక్కగడుతుంది. ఆ కథనంలో హైదరాబాదుకు చెందిన ఒక వితంతువు ప్రస్తావన ఉంది. రిక్షా తొక్కి బతికి, చనిపోయిన ఆమె భర్త పేరు, కారు ఉన్న మరో వ్యక్తి పేరు దగ్గరగా ఉన్నాయి. ఇద్దరూ ఒకరేనని వ్యవస్థ అనుకుంది. కారున్న ఇల్లని రాసి ఆమెకు బియ్యం నిరాకరించారు.

మన పేర్ల సంగతి మనకు తెలుసు. సయ్యద్, షేక్, ముహమ్మద్, అలీ, హైదర్ అన్నవి ఎన్ని ఇళ్లలో ఉంటాయి! ఒకే పేరును ఆధార్‌లో ఒక విధంగా, బడి రిజిస్టరులో ఒక విధంగా, రేషన్ కార్డులో మరో విధంగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉండడం పదో తరగతి మార్కుల మెమోలు దిద్దించే ప్రతి ఉపాధ్యాయుడికీ అనుభవమే. ఇలాంటి పేర్ల మీద యంత్రం తీర్పు చెబితే నష్టపోయేది ఎవరో చెప్పనవసరం లేదు. రద్దయిన కార్డులను అధికారులు స్వయంగా పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆదేశించవలసి వచ్చింది.

మూడోది ముఖాల గుర్తింపు. 2018 నుంచి తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాన్ని పోల్చి చూసే సౌకర్యం ఉంది. 2021 లాక్‌డౌన్ కాలంలో పాతబస్తీలో పోలీసులు తనను ఆపి, మాస్కు తీయించి ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టును ఆశ్రయించారు. ఈ సాంకేతికతను ఏ చట్టం కింద వాడుతున్నారన్నది ఆయన ప్రశ్న. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

చట్టం ఏమంటుంది?

2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ జోక్యం అవసరానికి తగినంతే ఉండాలి. ఈ మూడో నియమం పైన చెప్పిన ఖిబ్లా లెక్కకు దగ్గరి చుట్టమే.

అయితే ఫోన్లు, కంప్యూటర్లలోని సమాచారం మీద నిఘాకు ఐటీ చట్టం 69వ సెక్షను వీలు కల్పిస్తుంది. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ పది సంస్థలకు ఈ అధికారమిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మన దేశంలో ఈ అనుమతి ఇచ్చేది న్యాయమూర్తి కాదు, హోం శాఖ కార్యదర్శి.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తరువాత పద్దెనిమిది నెలలకు అమల్లోకి వచ్చేలా గడువు పెట్టారు. ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత వంటి కారణాలతో మినహాయింపునిచ్చే అధికారం కేంద్రానికి ఉంది. ఈ మినహాయింపు మరీ విశాలమన్న విమర్శ ఉంది. కానీ మనవంటి సంస్థలకు మినహాయింపు లేదని ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరూ గుర్తించాలి. మనం కంప్యూటర్‌లో ఎక్కించే ప్రతి దరఖాస్తూ ఈ చట్టం పరిధిలోకి వస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

ఇతరుల సమాచారం సేకరించి వాడే సంస్థకు ఈ చట్టం పెట్టిన పేరు డేటా ఫిడ్యూషియరీ. ఫిడ్యూషియరీ అంటే ఒకరు నమ్మి అప్పగించినదాన్ని కాపాడవలసినవాడు. మన మాటలో చెప్పాలంటే అమానత్‌దారు.

ధర్మం ముందే చెప్పింది

ఈ విషయంలో చట్టం కంటే ముందే మన ధర్మం మాట్లాడింది. ఇతరుల ఇళ్లలోకి అనుమతి తీసుకోకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్ 24వ సూరా 27వ ఆయత్ నేర్పుతుంది. ఒకరి రహస్యాలు కూపీ లాగవద్దని 49వ సూరా 12వ ఆయత్ వారిస్తుంది. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చాలని 4వ సూరా 58వ ఆయత్ ఆజ్ఞాపిస్తుంది. దానం బహిరంగంగా ఇవ్వడం మంచిదే అయినా, గుట్టుగా పేదలకు చేర్చడం మరింత మేలని 2వ సూరా 271వ ఆయత్ చెబుతుంది.

"మేము తప్పేమీ చేయడం లేదు, మాకు దాచవలసింది ఏముంది?" అని కొందరు అంటుంటారు. మన ఇళ్ల గుమ్మాలకు పరదాలు ఉంటాయి. లోపల నేరం జరుగుతోందని ఎవరూ పరదా కట్టరు. ఇంటివారి మర్యాద కోసం కడతారు. ఇక రేషన్ విషయంలో ఆ వితంతువు తప్పు చేయలేదు, ఏమీ దాచలేదు. అయినా ఆమె వివరాలు ఎక్కడో మరొకరి వివరాలతో కలిసిపోయి ఆమె అన్నం పళ్లెం మీద దెబ్బ కొట్టాయి.

ఫోన్‌లో చేయదగినవి

వీటికి డబ్బు ఖర్చు లేదు. ఇంట్లో పెద్దవారి ఫోన్లలో పిల్లలే చేసిపెట్టవచ్చు.

1. సెట్టింగ్స్‌లో లొకేషన్ విభాగం తెరిచి, ఏ యాప్‌కు అనుమతి ఉందో చూడండి. అవసరం లేనివాటికి తీసేయండి. మిగిలినవాటికి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది ఎంచుకోండి.

2. నమాజు యాప్‌కు లొకేషన్ ఇవ్వకుండా ఊరి పేరు చేత్తో ఎంపిక చేయండి. ఖచ్చితమైన లొకేషన్ అన్న బొత్తాం ఉంటే ఆపేయండి. మస్జిద్ గోడ మీది వేళల పట్టిక ఎలాగూ ఉంది.

3. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవసీ విభాగం కింద ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించే వీలుంది. ఐఫోన్‌లో యాప్‌లు మిమ్మల్ని వెంటాడకుండా నిరాకరించే బొత్తాం ఉంది. రెండూ వాడండి.

4. ఆధార్ కాపీ ఇవ్వవలసి వచ్చినప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు. వేలిముద్రలను లాక్ చేసుకునే సదుపాయం కూడా అక్కడే ఉంది.

5. టార్చి, కాలిక్యులేటర్ వంటి చిన్న యాప్ మీ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే దాన్ని తీసేయండి. ఆ పనికి అవి అక్కరలేదు.

సంస్థగా, దాతలుగా

ఇక అసలు సంగతికి వద్దాం. యాప్ ఎంత అడిగిందో లెక్క చూసిన మనం, మన దరఖాస్తు ఫారం ఎంత అడుగుతుందో కూడా చూడాలి. విద్యార్థి వేతనానికి మార్కులు, ఆదాయం, బడి ధ్రువీకరణ కావాలి. తల్లి రోగం వివరం ఎందుకు? వైద్య సహాయానికి ఆసుపత్రి అంచనా బిల్లు కావాలి. ఇంట్లో అందరి ఆధార్ కాపీలు ఎందుకు? ఏ గడి దేనికో చెప్పలేకపోతే ఆ గడిని కొట్టేయాలి.

మా ప్రతిపాదనలు ఇవి:

సహాయం కోరిన ప్రతి కుటుంబానికి ఒక నంబరు ఇవ్వాలి. కమిటీ చర్చల్లోనూ వాట్సాప్‌లోనూ ఆ నంబరుతోనే మాట్లాడుకోవాలి. దరఖాస్తులు, ఆధార్ ఫొటోలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకూడదు. నూరు మంది ఉన్న గ్రూపులో పెట్టిన ఫొటో నూరు ఫోన్లకు చేరుతుంది, ఒక్కరు తొలగించినా మిగతా తొంభై తొమ్మిదిలో ఉంటుంది. కాగితాలకు తాళం వేసిన బీరువా, కంప్యూటర్ ఫైలుకు పాస్‌వర్డ్, ఈ రెంటికీ బాధ్యత వహించే ఒక వ్యక్తి ఉండాలి. ఆడిటర్ చెప్పిన గడువు ముగిశాక పాత దరఖాస్తులను చించి నాశనం చేయాలి. దాతల పాన్ వివరాలకూ ఇదే పద్ధతి.

చివరిది అన్నిటికంటే కష్టమైనది. రేషన్ కిట్ అందుకుంటున్న వితంతువు ఫొటో, కుట్టుమిషన్ పక్కన నిలబడ్డ అమ్మాయి ఫొటో, ఫీజు చెక్కు పట్టుకున్న పిల్లవాడి ఫొటో ఇకపై తీయవద్దని మా ప్రతిపాదన. ఫీజు రాయితీ పొందిన పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద కనిపిస్తే ఆ పిల్లలు తోటివారి ముందు ఎలా ముడుచుకుపోతారో ఉపాధ్యాయులుగా మాకు తెలుసు. ఫోన్‌లో తిరిగే ఫొటో ఏ రోజూ చెరిపేయలేని నోటీసు బోర్డు. పదేళ్ల తరువాత ఆ అమ్మాయికి సంబంధం చూస్తున్నప్పుడు, ఆ పిల్లవాడు ఉద్యోగానికి వెళ్లినప్పుడు అది ఎదురుపడవచ్చు. పైగా ఇప్పుడు ముఖాన్ని పోల్చి మనిషిని పట్టుకునే యంత్రాలు వచ్చాయి. సహాయం తీసుకున్నందుకు ఒక ముఖాన్ని లోకానికి అప్పగించే హక్కు మనకు లేదు. అవసరంలో ఉన్న తల్లి "సరే" అన్నా అది నిజమైన సమ్మతి కాదు. నమాజు కోసం "అనుమతించు" నొక్కినవాడి సమ్మతి కంటే బలహీనమైన సమ్మతి అది.

దాతలకు సందేహం రావడం సహజం. ఫొటో లేకపోతే సొమ్ము చేరిందని నమ్మేదెలా? సందేహం న్యాయమైనదే. మీ డబ్బుకు లెక్క అడిగే హక్కు మీకుంది. రశీదు అడగండి, ఆడిట్ నివేదిక అడగండి, కుటుంబం నంబరుతో జాబితా అడగండి. దాతల్లో ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులు ఏటా కొన్ని నంబర్లు తామే ఎంచుకుని, ఫైళ్లు తెరిపించి, అవసరమైతే ఆ ఇళ్లకు వెళ్లి సలాం చెప్పి విచారించి రావచ్చు. వందమంది ఫొటో చూసిన దానికంటే ఇద్దరు స్వయంగా చూసి వచ్చినది గట్టి సాక్ష్యం. ఫొటోలో కిట్ కనిపిస్తుంది గాని, అది నిజంగా అర్హులకే చేరిందా అన్నది కనిపించదు.

వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి ఈ పద్ధతులు అమలుచేయాలంటే ఒక బీరువా, ఒక కాగితాలు చించే యంత్రం, కార్యకర్తలకు ఒకరోజు శిక్షణ కావాలి. ఖర్చు పెద్దది కాదు. దీనికంటే మీ నుంచి కావలసింది ఇంకొకటి ఉంది. ఈ ఏడాది మీ విరాళం ఎవరికి చేరిందో ముఖం చూపించమని మీరు అడగకపోవడం. సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదనలు చర్చకు వచ్చినప్పుడు దయచేసి హాజరై మీ అభిప్రాయం చెప్పండి. మనల్ని నమ్మి గుట్టు విప్పిన కుటుంబాల అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.